మీకు తెలుసా? నక్షత్ర వాయువులో మెగ్నీషియం జాడను పట్టించినవి క్వాంటమ్ లెక్కలే

1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వ్యవస్థాపకుడు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరుతోనే తూర్పు హైదరాబాద్‌లోని ఏఎస్ రావు నగర్ వెలసింది. ఆ సంస్థ నిర్మించిన 32 మీటర్ల యాంటెన్నా 2008లో బెంగళూరు సమీపంలోని బ్యాలాలులో చంద్రయాన్-1 సంకేతాలను అందుకుంది. ఇంచుమించు అదే పరిమాణం గల 30, 40 మీటర్ల స్పెయిన్ రేడియో దూరదర్శినులు సింహరాశిలోని ఐఆర్‌సీ+10216 నక్షత్రాన్ని ఆవరించిన వాయువులో గుర్తు తెలియని రెండు వర్ణపట రేఖల వరుసలను పట్టుకున్నాయి.

వాయుస్థితిలో తిరుగుతున్న అణువు తనకు మాత్రమే చెందిన పౌనఃపున్యాల వద్ద రేడియో తరంగాలను వెలువరిస్తుంది. ఆ పౌనఃపున్యాల మధ్య ఎడాన్ని నిర్ణయించే సంఖ్యను భ్రమణ స్థిరాంకం అంటారు. మెగ్నీషియం వంటి లోహాలున్న అణువులు చాలావరకు అతి చురుకైనవి కావడంతో వాటిని ప్రయోగశాలలో తయారుచేసి కొలవడం కష్టం కనుక, ఎలక్ట్రాన్ల అమరికను గణించి అణువు ఆకారాన్నీ ఆ స్థిరాంకాన్నీ ముందే అంచనా వేసే క్వాంటమ్ రసాయనశాస్త్రం ఇక్కడ ఆధారమవుతుంది.

ఆ రెండు వరుసల స్థిరాంకాలు సుమారు 1380.9, 1381.5 మెగాహెర్ట్జ్‌లుగా దాదాపు ఒకటే అయినప్పటికీ, ఖగోళ శాస్త్రవేత్త హోసే సెర్నిచారో బృందం 2019లో ఈ గణనల ఆధారంగా మొదటిది ఒక మెగ్నీషియం, మూడు కార్బన్, ఒక నైట్రోజన్ పరమాణువుల అణువుదనీ, రెండవది ఒక మెగ్నీషియం, నాలుగు కార్బన్, ఒక హైడ్రోజన్ పరమాణువుల అణువుదనీ నిర్ధారించింది.