మోటారు సైకిలు తాళములు: కొనుటకు ముందు విచారింపవలసినవి

పంట సొమ్ము చేతికందు దినములలో మోటారు సైకిళ్ల డీలర్లు మండల కేంద్రములందు మేళాలు జరుపుట పరిపాటి. అచ్చట క్రొత్త బండ్లతోపాటు దొంగతనమును నివారించు తాళములు, అలారములు, జాడ తెలుపు యంత్రములును అమ్మబడుచున్నవి. వీనిని మేము నిరసింపము. పొలము గట్టునను, మార్కెట్టు యార్డు ముంగిటను బండిని విడిచిపోవు రైతునకు రక్షణ మవసరమే. అప్పుచేసి కొన్న బండి పోయినను వాయిదాలు పోవు. కావున ఏ సాధనము ఎంతవఱకు పనిచేయునో సభ్యులు తెలిసికొనుట మేలు.

బండితో వచ్చు హ్యాండిలు తాళము బలముగా త్రిప్పినచో విఱుగును. అందువలన రెండవ తాళము కావలెను. మేళాలలో చూపు డిస్కు తాళము జేబులో పట్టునంత చిన్నది. దాని ఉక్కు కడ్డీ బ్రేకు డిస్కు రంధ్రములో దూరి చక్రమును తిరుగనీయదు. కాని మన పల్లెలలోని బండ్లు పెక్కింటికి డ్రమ్ము బ్రేకులే గలవు. డిస్కే లేని బండికి డిస్కు తాళమేల? అది యున్న బండికైనను తాళము తీయ మఱచి నడపినచో పడిపోవు ప్రమాదము గలదు. గుర్తుకై హ్యాండిలునకు తగిలించు రంగు త్రాడుతో కూడినదానినే కొనవలెను. డ్రమ్ము బ్రేకు బండికి గొలుసు తాళము తగినది. చక్రమును చెట్టునకో స్తంభమునకో కలిపి కట్టినచో బండిని ఎత్తి ఆటోలో వేసికొని పోవుటయు కష్టమగును.

అలారము బండి కదలినంతనే కూత పెట్టును. అది బండి బ్యాటరీనే వాడుకొనును గనుక బండిని చాల దినములు నడపనిచో బ్యాటరీ దిగిపోవచ్చును. తీగెలు కోసి అమర్చినచో వారంటీ నిలుచునా యని డీలరుచే వ్రాయించుకొనవలెను. జీ.పీ.ఎస్. యంత్రము ఉపగ్రహముల సాయమున బండి యున్న చోటు గుర్తించి, సిమ్ము ద్వారా మన ఫోనునకు తెలుపును. సెల్లు సిగ్నలు లేని తావున తెలుపజాలదు. ఏటేట కట్టవలసిన రుసుము ఎంత, బండి బ్యాటరీ తీగె తీసినను నడుచు సొంత బ్యాటరీ గలదా యని అడుగవలెను.

ఏ తాళమైనను దొంగను ఆలస్యపఱచునే గాని పోయిన సొమ్ము తెచ్చియీయదు. అది భీమా పని. 1988 మోటారు వాహనముల చట్టము విధించిన థర్డు పార్టీ భీమా మన బండివలన ఇతరులకు కలిగిన నష్టమునకే చెల్లును, దొంగతనమునకు చెల్లదు. 2018 సెప్టెంబరు 1 మొదలు క్రొత్త ద్విచక్ర వాహనమునకు ఈ భీమా 5 సంవత్సరములకు తీసికొనవలసి యున్నది. దానితో కలిపి యిచ్చు సొంత నష్టపు భీమా మాత్రము తఱచుగా 1 సంవత్సరమునకే. అయిదేండ్ల భీమా గలదని నమ్మియున్న రైతు, రెండవ యేట బండి పోయినచో ఏమియు పొందజాలడు. నేడే కాగితము తీసి ఆ గడువు చూచుకొనుడు.

బండి పోయినచో వెంటనే పోలీసు స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. వ్రాయించి, భీమా కంపెనీకి తెలుపవలెను. కంపెనీవారు రెండు తాళపు చెవులను అడుగుదురు గావున రెండవదానిని ఇంట భద్రపఱచుడు.

తాళము కొన్నగాని బండి యీయమనుట 2019 వినియోగదారుల రక్షణ చట్టమునకు విరుద్ధము. మేళాలో తొందరపడక, తాళమును మీ బండికే పెట్టించి చూచి, రసీదుతో కొనుడు. భీమా గడువు తీరియున్నచో ముందు దానిని పునరుద్ధరించి, పిమ్మట తాళము మాట చూడుడని మా మనవి.