పందెపు చెల్లింపులు - సందేహములు

చోదకుడు కూర్చున్న రెండు చక్రముల తేలికబండిని లాగుచు, దౌడు తీయక నియతగతిని సాగవలసిన గుఱ్ఱముల పందెము మన మలక్‌పేట మైదానమున కానరాదు. అచట రౌతు గుఱ్ఱముపైననే కూర్చుండును. అయినను 1867లో ఫ్రాన్సున జోసెఫ్ ఓలెర్ ఆరంభించిన సామూహిక పందెపు పద్ధతి, నేటి టోటు, రెంటికిని ఒక్కటే. మన ఉద్దానపు తీరమున వలలో పడిన చేపను వాటాలు వేసికొనునట్లు, పందెముల సొమ్మునంతయు ఒకచోట చేర్చి, పన్నును క్లబ్బు భాగమును తీసివైచి, శేషమును గెలిచిన టిక్కెట్లకు పంచుదురు. కనుక ఎవరును తలపని గుఱ్ఱములు గెలిచినప్పుడు చెల్లింపు మిక్కిలి పెరుగవలెను. అట్లుగాక స్వల్పముగా వచ్చినచో, ఆ గుఱ్ఱములపై ఎవరో ముందే విరివిగా టిక్కెట్లు కొనియుందురను సందేహము సహజముగా కలుగును.

న్యూయార్కు బండిపందెములలో మొదటి నాలుగు గుఱ్ఱములను వరుసగా చెప్పవలసిన సూపర్‌ఫెక్టాపై 1973లో ఇట్టి అనుమానములే చెలరేగి, మఱుసటియేడు ఫెడరల్ న్యాయస్థానమున విచారణకు దారితీసినవి. అంకెలు అనుమానమును పుట్టించునుగాని, కుట్రను ఋజువు చేయుట కష్టతరము.

మన సర్వోన్నత న్యాయస్థానము 1996లో గుఱ్ఱపుపందెమును నైపుణ్యక్రీడగా గుర్తించినది. నిమ్మాడ పల్లె రైతు సొమ్మైనను, నగరవాసి సొమ్మైనను, ఆ నైపుణ్యముపై నమ్మకముతోనే పందెమున చేరుచున్నది గనుక, ప్రతి పందెపు టిక్కెట్ల లెక్కను క్లబ్బులు బహిరంగముగా ప్రకటింపవలెనని నా మనవి.