మన పాట ఎవరు కడతారు?

ఉగాది కార్యక్రమానికి రిహార్సళ్ళు ఎప్పటిలాగే బోటనీ డౌన్స్‌లో ఒక సభ్యుల ఇంటి గరాజ్‌లో జరిగాయి. ఒక సాయంత్రం ఎనిమిదేళ్ళ పాప, నెల రోజులుగా తాను డాన్సు చేస్తున్న సినిమా పాటలో ఒక మాటకు అర్థమేమిటని అడిగింది. పెద్దవాళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "పెద్దయ్యాక తెలుస్తుందిలే అమ్మా" అని తప్పించుకున్నాం. "అయితే ఇప్పుడెందుకు చేయడం?" అంది పాప. మా దగ్గర జవాబు లేదు. ఆ పాపే టీ విరామంలో, బళ్ళో కపా హాకా బృందంలో నేర్చుకున్న మావోరీ పాట ఒకటి పాడి, ప్రతి మాటకూ అర్థం చెప్పింది. ఆ పాట 'పోయ్ ఏ'.

ఆ పాట కథ మనవాళ్ళలో చాలామందికి తెలియదు. మేమూ అప్పుడే తెలుసుకున్నాం. తరనాకి దక్షిణాన పాటేయా అనే చిన్న ఊరుంది. 1982లో అక్కడి మాంసం కర్మాగారం మూతబడి, ఊరికి ఊరే జీతాలు పోగొట్టుకుంది. ఆ సంవత్సరమే ఆ ప్రాంతంవాడైన సంగీతకారుడు డల్వేనియస్ ప్రైమ్, తూర్పు తీరంలో ఉండే న్గోయి పేఫాయిరంగి అనే పెద్దావిడ దగ్గరికి వెళ్ళాడు. మావోరీ భాషను నేర్పడమే ఆవిడ జీవితం. కుర్రకారుకు తమ భాష మీద, తమ పుట్టుక మీద గౌరవం కలిగించాలంటే వాళ్ళు వినే తరహా సంగీతంలోనే చెప్పాలని ఇద్దరికీ తోచింది. ఆవిడ మాటలు రాసింది, అతను బాణీ కట్టాడు. దారానికి కట్టి తిప్పే పోయ్ బంతిని పిట్టలా ఎగరమని పిలిచే పాట అది.

రికార్డు కంపెనీలు ఆసక్తి చూపలేదు. మావోరీలో పాడితే ఎవరు కొంటారన్నది వాళ్ళ లెక్క. డల్వేనియస్ తన సొంత లేబుల్ మీదే విడుదల చేశాడు. పాడింది పాటేయా మావోరీ క్లబ్, అంటే ఆ ఊరివాళ్ళే. వీడియోలో ఒకపక్క సంప్రదాయ దుస్తుల్లో పోయ్ తిప్పే ఆడవాళ్ళు, మరోపక్క బ్రేక్ డాన్సు చేసే కుర్రవాడు. ఈ రెండూ ఒకచోట ఇముడుతాయని అంతకు ముందు ఎవరు అనుకుని ఉంటారు? 1984లో నాలుగు వారాలు దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. మావోరీని అధికార భాషగా చట్టం గుర్తించింది 1987లో. పాట మూడేళ్ళు ముందుందన్నమాట! 2010లో టైకా వైటీటీ తీసిన 'బాయ్' సినిమాతో అది మళ్ళీ జనం నోళ్ళలోకి వచ్చింది.

డబ్బు లేకుండా వీడియో తీయడంలో ఈ దేశంవాళ్ళు మొదటినుంచీ గట్టివాళ్ళే. 1981లో క్రైస్ట్‌చర్చ్‌లో రోజర్ షెపర్డ్ ఫ్లయింగ్ నన్ అనే చిన్న లేబుల్ మొదలుపెట్టాడు. ఆ బృందాల పాటలు కొన్నిటిని క్రిస్ నాక్స్ నాలుగు ట్రాకుల టేపు మిషను మీద రికార్డు చేశాడు. అంత దూరమెందుకు, టె ఇరిరంగి డ్రైవ్ మీద కాస్త దూరం పోతే పక్కనే ఓటారా. 'ఓటారా మిలియనీర్స్ క్లబ్' అని వెక్కిరింతగా పేరు పెట్టుకున్న పాలీ ఫ్యుయెమానా పాట 'హౌ బిజార్' 1995లో ఇక్కడ విడుదలై, కెనడా దాకా వెళ్ళి అక్కడా మొదటి స్థానం కొట్టింది. పాలీ 2010లో నలభై ఏళ్ళకే పోయాడు. మనం రోజూ కారులో దాటిపోయే పేట అది.

ఇక మన సంగతి. సినిమాతో నిమిత్తం లేని పాట మనకు లేక కాదు. ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు, పాలగుమ్మి విశ్వనాథం గారు కట్టిన లలిత గీతాలు విని పెరిగినవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. ఈ మధ్య చౌరస్తా బృందం రెగ్గే తాళానికి అచ్చమైన తెలుగు మాటలు కూర్చి వీడియోలు తీసింది. అయితే ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు' సినిమాకు 'చిట్టి' పాడాకనే చాలా ఇళ్ళకు పరిచయమయ్యారు. సినిమా ముద్ర పడితే తప్ప మనం పాటను పాటగా ఒప్పుకోమేమో! తప్పు పిల్లలది కాదు. వాళ్ళకు ఏ పాట ఇవ్వాలో ఎంచేది మనమే, అదీ కార్యక్రమానికి మూడు వారాల ముందు, హడావుడిగా.

అందుకని దీపావళికి ఒక్క అంశమైనా మన చేతులతో కట్టిన పాటై ఉండాలని గరాజ్‌లోనే అనుకున్నాం. "జనం ఈల వేయరు, కూర్చోరు" అని మాలో ఇద్దరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. వారి మాటలోనూ నిజముంది. పిల్లలు మాత్రం ఆగలేదు. రోడ్డు దాటుతూ కార్లన్నిటినీ ఆపేసిన పుకేకో పక్షి మీద పల్లవి కట్టేశారు. 'పుకేకో'కి ప్రాసగా 'కూకోకో' వేశారు. వ్యాకరణం మాట అడగకండి. వీడియో తీయడానికి ఒక నాన్నగారి ఫోను, ఒక అమ్మగారి ఎర్ర చీర సిద్ధం.

చరణాలు రెండు కావాలి. హార్మోనియం ఉంది, తబలా లేదు. ఇంట్లో ఎక్కడైనా మూలన పడి ఉంటే వచ్చే ఆదివారం మూడు గంటలకు అదే గరాజ్‌కు తీసుకురండి. టీ మేమిస్తాం.