పాత పేజీ ఎందుకు కనబడుతుంది? ప్రాక్సీ సంగతి

స్కాలర్‌షిప్ గడువు పొడిగించారని స్నేహితుడు ఫోన్ చేసి చెబుతాడు. మన అబ్బాయి కాలేజీ కంప్యూటరులో చూస్తే పాత తేదీయే ఉంటుంది. గడువు అయిపోయిందనుకుని దరఖాస్తు మానేస్తాడు. ఇద్దరూ చూసింది నిజమే. మధ్యలో ఉన్న ప్రాక్సీ పాత నకలు ఇచ్చి ఉండవచ్చు.

ప్రాక్సీ అనేక కంప్యూటర్ల తరఫున సర్వరును అడిగి, వచ్చిన పేజీని దాచుకుని, తర్వాత అడిగినవారికి ఆ నకలే ఇస్తుంది. ఈ దాచడాన్ని క్యాష్ అంటారు. మా కౌంటరులోని క్యాష్ కాదు! బ్యాంకు భాషలో అది పాస్‌బుక్కు వంటిది. ఎంట్రీ వేసిన రోజు వరకే నిజం, అసలు నిల్వ లెడ్జరులో ఉంటుంది.

బ్రౌజరు, ప్రాక్సీ, సర్వరు మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ. దాని 1.0 పత్రం 1996లో, 1.1 పత్రం 1997లో వచ్చాయి. 2015లో రెండవది, 2022లో మూడవది ప్రమాణాలయ్యాయి. ముగ్గురూ ఒకే వెర్షన్ వాడాలని లేదు. అయితే తనకు వచ్చిన వెర్షన్ సంఖ్యను ప్రాక్సీ యథాతథంగా ముందుకు పంపకూడదు, తన సొంత సంఖ్యే వేయాలి. ఔట్‌స్టేషన్ చెక్కు మీద ప్రతి బ్యాంకు తన ముద్రే వేసినట్లన్నమాట. లేకపోతే సర్వరు 1.1 పద్ధతిలో పేజీని ముక్కలుగా పంపుతుంది, 1.0 మాత్రమే తెలిసిన ప్రాక్సీకి అవి అర్థం కావు.

అసలు చిక్కు నకలు ఎంతకాలం చెల్లుతుందన్న దగ్గర ఉంది. 1.0 కాలంలో ‘ఎక్స్‌పైర్స్’ అని ఒక తేదీ ఇచ్చేవారు. 1.1లో ‘మ్యాక్స్-ఏజ్’ అని సెకన్ల లెక్క వచ్చింది. రెండూ ఉంటే కొత్త ప్రాక్సీ సెకన్లనే పాటిస్తుంది, పాతది తేదీనే చూస్తుంది. అందుకే తెలివైన సర్వరు 3600 సెకన్లని రాసి, పక్కనే దాటిపోయిన తేదీ వేయవచ్చు. కొత్త ప్రాక్సీ గంటసేపు నకలు ఇస్తుంది, పాతది ప్రతిసారీ సర్వరును అడుగుతుంది.

రెండూ లేకపోతే ప్రాక్సీ అంచనా వేస్తుంది. ఎక్కువ కాలం మారని పేజీ ఇకముందూ మారదని దాని లెక్క. స్క్విడ్ అనే ప్రాక్సీలో మామూలు అమరిక ప్రకారం, పేజీ మారి ఎంతకాలమైందో అందులో 20 శాతం, గరిష్ఠంగా 3 రోజులు. ఆఖరు తేదీ దగ్గర పడ్డప్పుడు 3 రోజులంటే తక్కువ కాదు.

ఇప్పుడు ఎక్కువ సైట్లు హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నందున కాలేజీ ప్రాక్సీకి అవి సీలు వేసిన కవరు వంటివి. సాధారణంగా విప్పదు, దాచదు. కానీ నకళ్లు మన బ్రౌజరులోనూ, సైటువారి సొంత ప్రాక్సీలలోనూ ఉంటాయి. కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కితే బ్రౌజరు తన నకలు వదిలి కొత్తది అడుగుతుంది. ఆ అభ్యర్థనలో ‘క్యాష్-కంట్రోల్’తో పాటు ‘ప్రాగ్మా’ అనే పాత మాట కూడా ఉంటుంది, అది 1.0 ప్రాక్సీల కోసం. సైటువారి ప్రాక్సీ మాత్రం దాన్ని పట్టించుకోకపోవచ్చు. కంప్యూటర్ విద్యార్థులు ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ విభాగంలో ‘ఏజ్’ చూడండి. 86400 అని ఉంటే ఆ నకలుకు ఒక రోజు వయసు. అప్పుడు తేదీ కోసం సంబంధిత కార్యాలయానికే ఫోన్ చేయండి.