గదిగదికీ వెచ్చదనం: రేడియేటర్ల సమతూకం

ఉష్ణ మండలంలో నివసించే మనం ఇల్లు కట్టుకొనేటప్పుడు గాలి ఏ దిక్కు నుండి వీస్తుంది, ఎండ ఏ గోడపై పడుతుంది అని ముందుగా విచారిస్తాం. శీతల దేశాల వారి మొదటి విచారం వేరు. బ్రిటన్ వంటి దేశంలో ఇంచుమించు అర్ధ సంవత్సరం పాటు ఇంటిని వేడిచేసుకొనక తప్పదు. అక్కడి గృహాలలో అత్యధిక భాగం వేడినీరు ప్రవహించే రేడియేటర్ల మూలంగానే వెచ్చగా ఉంటున్నాయి. అయితే ఒకే కప్పు క్రింద ఒక గదిలో ఉక్క భరించలేక కిటికీ తెరవవలసి రావడం, మరొక గదిలో కంబళి కప్పుకొన్నా చలి తీరకపోవడం అక్కడ తరచు వినవచ్చే ఫిర్యాదు. ఈ వైషమ్యానికి కారణమేమి? దానిని సరిచేసే మార్గమేమి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ఇది మనకు సంబంధించని విషయమని కొందరు అనుకోవచ్చు. కాని ఉన్నత విద్యకై బ్రిటన్ వెళ్లే తెలుగు విద్యార్థులు నేడు పలువురు ఉన్నారు. నలుగురైదుగురు కలిసి ఒక పాత ఇంటిని అద్దెకు తీసుకొన్నప్పుడు చివరి గది ఎవరి వంతుకు వస్తే వారికి ఈ సమస్య శాస్త్ర పాఠంగా కాక అనుభవంగా ఎదురవుతుంది. బిల్లు మాత్రం అందరూ సమానంగానే చెల్లిస్తారు.

ఏర్పాటు స్వరూపం

ఈ ఏర్పాటులో ముఖ్యాంగాలు నాలుగు: నీటిని కాచే బాయిలర్, ఆ నీటిని త్రిప్పే పంపు, గొట్టాలు, గదిగదికీ గోడకు అమర్చిన రేడియేటర్లు. బాయిలర్ నుండి బయలుదేరేది వేడినీటి గొట్టం. చల్లబడిన నీటిని మరల బాయిలర్‌కు చేర్చేది తిరుగు గొట్టం. ఈ రెండింటిని ఒక నిచ్చెన యొక్క రెండు నిలువు కర్రలుగా ఊహించుకొంటే, రేడియేటర్లు వాటి నడుమ మెట్లు. నీరు ప్రతి మెట్టు మీదుగానూ ఒక కర్ర నుండి మరొక కర్రకు చేరుతుంది.

ప్రతి రేడియేటర్‌కు సాధారణంగా రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి గదిలోని వారు తమ అవసరాన్ని బట్టి చేతితో త్రిప్పుకొనేది. రెండవది ప్లాస్టిక్ మూత క్రింద దాగి, పానాతో మాత్రమే త్రిప్పదగినది. దానిని లాక్‌షీల్డ్ వాల్వు అంటారు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో కాపురమున్న వారు సైతం దాని ఉపయోగమేమిటో ఎరుగకపోవడం కద్దు. అయినా ఇంటిలోని వెచ్చదనాన్ని పంచిపెట్టే అధికారం దానిదే.

వైషమ్యానికి కారణం

నీరు ఎప్పుడూ సులువైన దారినే ఎన్నుకొంటుంది. పంపుకు దగ్గరగా ఉన్న రేడియేటర్ మీదుగా పోయే దారి పొట్టిది. అక్కడ ఘర్షణ తక్కువ. మేడమీద చివరి గదికి పోయే దారి పొడవైనది, వంపులు అధికం. కనుక అన్ని వాల్వులూ బార్లా తెరచి ఉంచినప్పుడు నీటిలో అధిక భాగం మొదటి రేడియేటర్ల గుండానే పోయి, ఇంకా వేడిగా ఉండగానే తిరిగి బాయిలర్‌ను చేరుతుంది. చివరి రేడియేటర్‌కు మిగిలినదే దక్కుతుంది.

చెరువు క్రింది సేద్యం ఎరిగిన వారికి దీనిని వివరించనక్కరలేదు. కాలువ మొదట ఉన్న పొలాలు తమ మడవలు తెరచి ఉంచుకొంటే శివారు ఆయకట్టు ఎండిపోతుంది. చెరువు నిండుగా ఉన్నా ఇంతే. అందుకే మన పల్లెలలో నీరు పంచడానికి నీరటి ఉండేవాడు. రేడియేటర్ల ఏర్పాటులో లాక్‌షీల్డ్ వాల్వు చేయవలసిన పని ఆ నీరటి పనే.

ఈ లోపానికి మరొకటి తోడవుతుంది. ఇంటి ఉష్ణోగ్రతను కనిపెట్టి బాయిలర్‌ను ఆపే థర్మోస్టాట్ చాలా ఇళ్లలో ముందు నడవలో ఉంటుంది. నడవలోని రేడియేటర్ త్వరగా వేడెక్కితే, ఇల్లంతా వెచ్చబడిందని భావించి థర్మోస్టాట్ బాయిలర్‌ను ఆపివేస్తుంది. చివరి గది వెచ్చబడకముందే మంట ఆరిపోతుంది.

తోచిన ఉపాయాలు, వాటి వ్యర్థత

ఇట్టి సందర్భంలో గృహస్థునికి వెంటనే తోచే ఉపాయాలు రెండు: బాయిలర్ వేడిని పెంచడం, పంపు వేగాన్ని హెచ్చించడం. మొదటి దానివలన ఉక్కగా ఉన్న గది మరింత ఉక్కబోస్తుంది, ఇంధనం వృథా అవుతుంది. రెండవదాని వలన చివరి గదికి కొంత మేలు జరిగినా, దానికి పదింతలు మొదటి రేడియేటర్లకే పోవచ్చు. గొట్టాలలో రొద కూడా పుడుతుంది. పంపకంలోని లోపం రాశిని పెంచినంత మాత్రాన తీరదు.

అసలు రహస్యం ఒక చిన్న లెక్కలో ఉన్నది. గది 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉండగా, ఒక రేడియేటర్‌లోకి నీరు 75 డిగ్రీలతో ప్రవేశించి 65 డిగ్రీలతో వెలువడుతున్నదనుకొందాం. ఇప్పుడు దానిలోకి పోయే నీటిని సగానికి తగ్గిస్తే అది ఇచ్చే వేడి సగానికి పడిపోతుందా? పడిపోదు. నీరు నెమ్మదిగా కదులుతూ మరికొంత చల్లబడి, సుమారు 57 డిగ్రీలతో బయటికి వస్తుంది. రేడియేటర్ ఇచ్చే వేడి పూర్వమున్న దానిలో పదింట తొమ్మిది పాళ్లు ఉంటుంది. నీటిని రెట్టింపు చేసినా వేడి నూటికి ఆరు పాళ్ల కంటె పెద్దగా పెరగదు. కాని తన వంతులో పదవ భాగం మాత్రమే నీరు అందుకొంటున్న రేడియేటర్, ఇవ్వవలసిన వేడిలో సగమైనా ఇవ్వలేదు.

దీని భావం స్పష్టమే. సమృద్ధిగా పొందుతున్న రేడియేటర్ నుండి సగం నీరు తీసివేసినా దానికి నష్టం స్వల్పం. ఆ నీరే చివరి దానికి చేరితే కలిగే లాభం అపారం. సమతూకం అనే ప్రక్రియ అంతా ఈ సత్యం మీదనే నిలిచి ఉన్నది.

ఆచరణ విధానం

ముందుగా రోగనిర్ణయం జరగాలి. రేడియేటర్ పైభాగం చల్లగా, క్రిందిభాగం వేడిగా ఉంటే లోపల గాలి చేరిందని అర్థం. పైనున్న చిన్న మరను కొద్దిగా వదులుచేసి ఆ గాలిని వెడలించాలి. క్రింద నడిమి భాగం చల్లగా ఉంటే తుప్పుతో ఏర్పడిన నల్లని బురద పేరుకొన్నదని అనుమానించాలి. దానిని కడిగించవలసి ఉంటుంది. కొన్ని రేడియేటర్లు బాగా కాగుతుండగా దూరాన ఉన్నవి మొత్తంగా గోరువెచ్చగా ఉండిపోతే, అప్పుడు సమతూకం అవసరం.

మొదట బాయిలర్‌ను ఆపి, రేడియేటర్లన్నీ చల్లారే వరకు ఆగాలి. తరువాత ప్రతి రేడియేటర్‌కున్న రెండు వాల్వులనూ పూర్తిగా తెరవాలి. మధ్యలో బాయిలర్ ఆగిపోకుండా థర్మోస్టాట్‌ను పై అంకెకు త్రిప్పి బాయిలర్‌ను నడిపించి, ఏ రేడియేటర్ ముందు వేడెక్కింది, ఏది తరువాత అని వరుసగా కాగితంపై వ్రాసుకోవాలి. ఈ జాబితాయే మనకు మార్గదర్శి.

మరల అన్నీ చల్లారిన పిమ్మట బాయిలర్‌ను నడిపిస్తూ, అన్నింటికంటె ముందు వేడెక్కిన రేడియేటర్ వద్ద పని ఆరంభించాలి. దాని లాక్‌షీల్డ్ వాల్వును గడియారపు ముల్లు తిరిగే దిక్కుగా పూర్తిగా మూసి, ఆపై పావు చుట్టు మాత్రం తెరవాలి. నీరు ప్రవేశించే గొట్టానికీ, వెలువడే గొట్టానికీ థర్మామీటర్లు తగిలించి, రెండింటి తేడాను గమనించాలి. తేడా మరీ ఎక్కువగా ఉంటే వాల్వును ఇంకొంచెం తెరవాలి, తక్కువగా ఉంటే కొంచెం మూయాలి. ప్రతి మార్పు తరువాత కొన్ని నిమిషాలు వేచి ఉండడం అవసరం. ఇదే రీతిగా జాబితాలోని వరుస ప్రకారం సాగిపోతే, చివరి రేడియేటర్ వాల్వు తరచు పూర్తిగా తెరచియే ఉండిపోతుంది. ఒక దానిని సవరించినప్పుడు మిగిలిన వాటికి అందే నీరు కూడా మారుతుంది గనుక, రెండవసారి అన్నింటినీ చూసి రావాలి. ఏ వాల్వు ఎన్ని చుట్లు తెరచి ఉన్నదో వ్రాసి ఉంచుకొంటే, గోడకు సున్నం వేయడానికి రేడియేటర్ ఊడదీసినా తిరిగి అదే స్థితిలో ఉంచవచ్చు. తుదకు థర్మోస్టాట్‌ను యథాస్థానానికి తేవడం మరువరాదు.

తేడా ఎంత ఉండాలి? పాత బాయిలర్లకు సుమారు 11 డిగ్రీలు వాడుకలో ఉన్న కొలత. ఆ తేడాతో ఒక కిలోవాట్ వేడి ఇవ్వడానికి నిమిషానికి దాదాపు 1.3 లీటర్ల నీరు కావాలి. ఇంగ్లండులోనూ వేల్సులోనూ 2005 నుండి సాధారణంగా తప్పనిసరి అయిన కండెన్సింగ్ బాయిలర్లకు 20 డిగ్రీల వరకు తేడా మేలు. అప్పుడు నిమిషానికి సుమారు ముప్పావు లీటరు చాలును. ఈ బాయిలర్లు పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా రాబట్టుకొంటాయి. అయితే తిరిగి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీలకు లోబడి ఉన్నప్పుడే అది సాధ్యం. సమతూకం లేని ఇంట్లో నీరు వేడిగానే తిరిగి వస్తుంది గనుక, కొనుగోలు చేసిన సుగుణం పని చేయదు.

ఈ పని అంతా రేడియేటర్ల వరకే. బాయిలర్ లోపల చేయిపెట్టడం ప్రమాదకరం. బ్రిటన్‌లో 2009 నుండి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన వారే ఆ పని చేయాలి. అద్దెకున్న వారు ముందుగా ఇంటి యజమానికి తెలిపి సమ్మతి పొందడం ఉచితం.

గది వెచ్చబడగానే తనంతట తానే మూసుకొనే వాల్వును 1943లో డెన్మార్కుకు చెందిన మాడ్స్ క్లౌసెన్ రూపొందించాడు. అది ఉండగా సమతూకమెందుకని కొందరు అడుగుతారు. ఆ వాల్వు నిండిన గదికి నీరు ఆపగలదు. కాని ఉదయాన ఇల్లంతా చల్లగా ఉన్నప్పుడు అవన్నీ ఒక్కసారిగా తెరచుకొంటాయి. అప్పుడు మరల దగ్గరి వాటిదే పైచేయి అవుతుంది. జర్మనీ ప్రభుత్వం 2022లో గ్యాస్‌తో వేడిచేసే పెద్ద నివాస భవనాలకు ఈ సమతూకాన్ని చట్టబద్ధం చేసిందంటే, దీని ప్రాముఖ్యం గ్రహించవచ్చు.

చలికాలంలో ఇంటి లోపలి ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. వృద్ధులకూ, పసిపిల్లలకూ, దీర్ఘరోగులకూ అంతకంటె ఎక్కువ అవసరం కావచ్చు. ఇంటి సగటు ఉష్ణోగ్రత సరిగానే ఉన్నదని సంతృప్తి పడితే చివరి గదిలోని ముసలితల్లికి చలి తగ్గదు. ఆమె గదిలో థర్మామీటరు ఏమి చెబుతున్నదన్నదే లెక్క.

ఒక పానా, రెండు థర్మామీటర్లు, ఒక పూట ఓపిక: ఈ పనికి కావలసిన పెట్టుబడి ఇంతే. మన కళాశాల నుండి ఆ దేశాలకు వెళ్లే విద్యార్థులు తమ ఇంట్లో ఒక గది చల్లగా ఉన్నట్లు గమనించినప్పుడు, బాయిలర్‌ను పెంచడానికి ముందు నడవలోని రేడియేటర్ మూత ఒకసారి తీసి చూడగలరని మేము ఆశిస్తున్నాము.