మెదడులోని సన్నని నాళములు

మన మెదడు శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లే. కాని మనము వినియోగించు ప్రాణవాయువులో ఇంచుమించు అయిదవ వంతు దానికే కావలెను. దానిని అందించునవి కేశనాళికలు. వెంట్రుక కంటె సన్నమైన వీనిలో ఎఱ్ఱ రక్తకణములు ఒకదాని వెనుక నొకటి బారుగా సాగవలసినదే.

1885లో జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తములోనికి రంగు నెక్కింపగా, తక్కిన అవయవములు రంగు తేలెను, మెదడు తేలలేదు. మెదడులోని నాళముల గోడలు కావలివాండ్రవలె పెక్కు పదార్థములను వెలుపలనే నిలుపునని పిమ్మట తెలిసినది.

రక్తపు పోటు ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో చిఱుధమనుల గోడలు దళసరియై త్రోవ ఇఱుకగును. మెదడు అచ్చటచ్చట చిన్న మచ్చలుగా చచ్చును. తఱచు నొప్పియైనను తెలియదు. నడక మందగించినను, మాట మఱచినను ముసలితనమని మనము ఊరకుందుము, కొందఱిలో కారణమిదియే. కనుక ఇంట పెద్దలకు ఏ బాధయు లేనప్పుడే రక్తపు పోటు చూపింపుడని మా మనవి.