24 గంటలు ఎప్పటి నుంచి లెక్క?

"ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లండి, సార్ మాట్లాడాలంటున్నారు." ఇంటి ముందు జీపు ఆగినప్పుడు వినిపించే మాట ఇది. వెళ్లిన మనిషి రాత్రికి ఇంటికి రాడు. మర్నాడు సాయంత్రం రికార్డుల్లో అరెస్టు చూపిస్తారు, ఆ తర్వాతి రోజు కోర్టులో హాజరుపరుస్తారు. కాగితం ప్రకారం అంతా 24 గంటల్లోపే జరిగినట్టు. మనిషి మాత్రం రెండు రోజుల నుంచీ స్టేషన్లోనే ఉన్నాడు.

అరెస్టు విషయంలో రాజ్యాంగం, చట్టం ఇచ్చిన హక్కుల్లో చాలావాటికి ఒక గడువో లెక్కో ఉంటుంది. ఆ లెక్క ఎక్కడ మొదలవుతుందో తెలిస్తేనే హక్కు అక్కరకొస్తుంది.

24 గంటలు

అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లోగా దగ్గర్లోని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22(2) అధికరణం చెబుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 58వ సెక్షన్‌లోనూ ఇదే ఉంది. ప్రయాణానికి పట్టే సమయం ఒక్కటే ఈ లెక్కలోంచి మినహాయింపు. ఆదివారమైనా, పండగైనా గడువు ఆగదు.

ఇది రాజ్యాంగ ముసాయిదాలో మొదట లేని రక్షణ. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన అధికరణాన్ని "చట్టం నిర్దేశించిన పద్ధతి" దగ్గరే ఆపేశారన్న అసంతృప్తి రాజ్యాంగ సభలో గట్టిగా వినిపించింది. ఆ లోటు పూడ్చడానికి 1949 సెప్టెంబరు 15న అంబేడ్కర్ 15-ఎ అధికరణాన్ని ప్రతిపాదించారు. ఇప్పటి 22వ అధికరణం అదే.

గడియారం ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్నకు తెలంగాణ హైకోర్టు 2024లో స్పష్టంగా జవాబిచ్చింది. పోలీసులు రికార్డులో రాసుకున్న అరెస్టు వేళ నుంచి కాదు, మనిషిని అదుపులోకి తీసుకున్న క్షణం నుంచే 24 గంటలు లెక్కించాలంది.

2 గంటలు

ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పడం 22(1) ప్రకారం తప్పనిసరి. "నీ మీద కేసుంది" అంటే సరిపోదు. ఏ పని చేశావని అరెస్టు చేస్తున్నారో వివరం ఉండాలి. ఇంతకాలం దీన్ని నోటిమాటగా చెప్పామని పోలీసులు దాటవేసేవారు. మనీ లాండరింగ్ కేసుల్లో 2023లోనూ, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల్లో 2024లోనూ కారణాలు లిఖితపూర్వకంగా ఇవ్వాలన్న సుప్రీంకోర్టు, 2025 నవంబరు 6న ఆ నియమాన్ని అన్ని నేరాలకూ వర్తింపజేసింది. అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలోనే ఆ కాగితం ఉండాలి. వెంటనే రాసివ్వడం వీలుకాకపోతే అప్పటికి నోటితో చెప్పి, రిమాండ్ కోసం హాజరుపరచడానికి కనీసం 2 గంటల ముందు చేతికివ్వాలి. ఇవ్వకపోతే అరెస్టూ, రిమాండూ రెండూ చెల్లవు. తెలుగు మాత్రమే వచ్చిన రైతుకో కూలీకో ఇంగ్లిషు కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకుంటే నియమం పాటించినట్టు కాదు.

11 సూచనలు

పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థకు చెందిన డి.కె. బసు 1986 ఆగస్టులో లాకప్ మరణాల గురించి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుని, 1996 డిసెంబరు 18న 11 సూచనలతో తీర్పు ఇచ్చింది. వాటిలో ముఖ్యమైనవన్నీ ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి.

అన్నిటికన్నా విలువైనది అరెస్టు మెమో. అరెస్టు చేసిన తేదీ, వేళ అందులో ఉండాలి. కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన వ్యక్తి కూడా చేయాలి. సంతకానికి ముందు చూసుకోవాల్సింది ఆ వేళనే. ఉదయం 9కి తీసుకొచ్చి మెమోలో సాయంత్రం 6 అని రాస్తే, తనను తెచ్చిన వేళను సంతకం పక్కనే రాయడం మంచిది. అరెస్టు చేసే పోలీసు పేరు కనిపించేలా ఉండాలి. బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలి. వైద్య పరీక్ష జరిపించాలి. కస్టడీలో ఉన్నంతకాలం ప్రతి 48 గంటలకోసారి మళ్లీ పరీక్ష చేయించాలన్నది బసు తీర్పు.

విచారణలో పోలీసులు రాసుకునే వాంగ్మూలంపై సంతకం తీసుకోకూడదని నాగరిక్ సురక్షా సంహిత 181వ సెక్షన్ చెబుతోంది. అందువల్ల "ఇక్కడొక సంతకం పెట్టు" అంటే అది ఏ కాగితమో అడగవచ్చు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. అందులోని సమాచారంతో ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకే పనికొస్తుంది.

7 ఏళ్లు

7 ఏళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు దానంతటదే జరిగిపోకూడదు. అవసరమేమిటో పోలీసులు రాసి చూపాలి, లేదంటే నోటీసు ఇచ్చి పంపాలి. జనం నోట ఇప్పటికీ "41ఏ నోటీసు"గా ఉన్నది ఇప్పుడు సంహితలో 35(3) నోటీసు. 2014 జులైలో వరకట్న వేధింపుల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్నేష్ కుమార్ తీర్పు దీన్ని కచ్చితం చేసింది. మామూలు దొంగతనం, చీటింగ్ కేసులు చాలావరకు ఈ పరిధిలోకే వస్తాయి. నోటీసు అందాక విచారణకు వెళ్లడం తప్పనిసరి. వెళ్లకపోతే అరెస్టుకు దారి తీస్తుంది. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది.

15, 60, 90 రోజులు

మేజిస్ట్రేట్ ఇచ్చే పోలీసు కస్టడీ మొత్తం 15 రోజులు దాటకూడదు. సంహితతో మారిందల్లా, ఆ 15 రోజులను విడతలుగా, నేరాన్ని బట్టి తొలి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా అడగొచ్చు. దర్యాప్తు పూర్తిచేసి చార్జిషీటు వేయడానికి గడువు మామూలు నేరాలకు 60 రోజులు. మరణశిక్ష, యావజ్జీవం, లేదా 10 ఏళ్లు, అంతకు మించిన శిక్ష ఉండే నేరాలకు 90 రోజులు. గడువు దాటితే బెయిలు హక్కు. రిమాండ్ ఇచ్చిన రోజును కూడా కలిపే లెక్కించాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. జనవరి 1న రిమాండ్ అయితే, ఫిబ్రవరికి 28 రోజులున్న ఏడాదిలో మార్చి 1తో 60 పూర్తవుతాయి. మార్చి 2న బెయిలు అడగొచ్చు. అయితే చార్జిషీటు దాఖలయ్యేలోపే అడగాలి. అడగకుండా కూర్చుంటే ఆ హక్కు చేజారిపోతుంది.

జైళ్లలో లెక్క చూస్తే ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది. 2022 చివర దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది, అంటే 75.8 శాతం, ఇంకా నేరం రుజువుకానివారు.

3 నెలలు

పైవన్నీ ఉన్నా ముందస్తు నిర్బంధానికి వాడే పీడీ యాక్టు కేసుల్లో 24 గంటల రక్షణ వర్తించదు, 22(3) అధికరణం దాన్ని పక్కన పెడుతుంది. అయినా సలహా మండలి ఆమోదం లేకుండా 3 నెలలకు మించి ఉంచకూడదు. నిర్బంధానికి కారణాలు వీలైనంత త్వరగా చెప్పాలి. 1986 నాటి ఈ చట్టాన్ని తెలంగాణలో యాంత్రికంగా వాడుతున్నారని సుప్రీంకోర్టు 2023, 2024ల్లో తప్పుపట్టింది.

15100

కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేయాలి. ఇంట్లోవాళ్లు చేయాల్సిన మొదటి పని, తీసుకెళ్లిన వేళ, వచ్చినవారి పేర్లు, వాహనం నంబరు రాసి ఉంచుకోవడం. స్టేషన్లలో సీసీ కెమెరాల రికార్డింగును 18 నెలలు భద్రపరచాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. అంత సౌకర్యం లేకపోతే కనీసం ఏడాది ఉంచాలి. అందువల్ల మెమోలో రాసిన వేళ నిజమో కాదో తేల్చడానికి ఆ ఫుటేజీ కావాలని కోర్టును అడగవచ్చు. మేజిస్ట్రేట్ ముందు నిలబడినప్పుడు స్టేషన్‌కు ఎన్ని గంటలకు తెచ్చారో, కొట్టారో లేదో, కారణాల కాగితం ఇచ్చారో లేదో నోరు విప్పి చెప్పాలి. రిమాండ్ పత్రంపై సంతకం పడకముందు చెప్పిన మాటకే బలం ఎక్కువ.